ఎ సెకండా, ద సెకండా

“ఇది ఎన్నో కాన్పమ్మా?”

నర్సుగా పనిచేసినన్ని రోజులూ నేను ఎక్కువగా అడిగిన ప్రశ్న ఇదే. నొప్పులతో వచ్చిన మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, ఒక చేత్తో నాడి పట్టుకుని, ఇంకో చేత్తో కడుపు తడుముతూ అడిగే ప్రశ్న. కొందరు మాట రాక వేళ్ళు చూపించేవాళ్ళు. కొందరు నిలవని కాన్పును కూడా కలిపి చెప్పేవాళ్ళు, కొందరు వదిలేసేవాళ్ళు. “మూడోదనుకో సిస్టరమ్మా” అని ఎవరైనా అంటే, ఆ “అనుకో” వెనక ఏముందో మెల్లగా అడిగి తెలుసుకోవలసి వచ్చేది.

ఇప్పుడు కొత్తగా ఈ ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. మీ కాలంలో స్కానింగు లేకుండా ఎట్లా నెట్టుకొచ్చారు మేడం అని అడుగుతారు. స్కానింగు అప్పుడూ ఉండేది, హిందూపురంలో. మా దగ్గర లేదు, అంతే. వాళ్ళకు నేను చెప్పే సంగతి ఒకటుంది. అది యంత్రాల గురించి కాదు, ఇంగ్లీషులో ఫస్ట్, సెకండ్, థర్డ్ అనే మాటల గురించి. ఏదో స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు మొదలుపెట్టాననుకుని మొదట నవ్వుతారు. కాసేపటికి టీ చల్లారిపోతున్నా తాగడం మరిచిపోతారు.

తొంభైల నడుమ నేను పెనుకొండకు దగ్గరలో ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేశాను. ఎవరో దాతలు నడిపేవాళ్ళు. పేరు ఇక్కడ అవసరం లేదు, ఇప్పుడది లేదు కూడా. కొన్ని మంచాలు, ఒక కాన్పుల గది, వరండా చివర ఆఫీసు, ఆ ఆఫీసులో ఒక నల్ల ఫోను. డాక్టరమ్మ ఒకరే. ఉత్తరాది మనిషి. వచ్చి రెండేళ్ళయినా తెలుగు పెద్దగా రాలేదు. నొప్పి, కడుపు, నీళ్ళు, అన్నం, ఈ నాలుగు మాటలతోనే ఎంతో పని నడిపేవారు. శరీర భాగాల పేర్లు ఎవరో రాసిస్తే బట్టీ పట్టారు. అందుకే చేరిన కొత్తలో ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, కాన్పు కావలసిన ఆడమనిషిని పట్టుకుని మీరందరూ “ముక్కు, ముక్కు” అని ఎందుకు అరుస్తారు, ముక్కుకూ కాన్పుకూ ఏం సంబంధం అని అడిగారు. చాలా గంభీరంగా అడిగారు. నేను ముక్కి చూపించాక గానీ అర్థం కాలేదు. ఆ రోజంతా ఎప్పుడు గుర్తొస్తే అప్పుడు నవ్వుకున్నారు.

డాక్టరమ్మ వారంలో రెండు రోజులు హిందూపురం వెళ్ళి అక్కడొక క్లినిక్కులో కూర్చునేవారు. ఆ రెండు రోజులూ మాకు ఆమె ఫోనులోనే అందుబాటు. ఫోనులో చెప్పేదంతా ఇంగ్లీషులో చెప్పాలి, ఆమె చెప్పేది ఇంగ్లీషులో వినాలి. మేమందరం తెలుగు మీడియంలో చదువుకుని నర్సింగు పాసైనవాళ్ళం. పుస్తకంలో చూస్తే అర్థమయ్యే మాట ఫోనులో గరగరమంటూ వస్తే అర్థమయ్యేది కాదు.

ఈ కష్టాన్ని తన మీద వేసుకున్నది మా పెద్ద సిస్టర్. కేరళ మనిషి. చిన్న వయసులోనే ఈ వైపు వచ్చి ఇక్కడే స్థిరపడిపోయింది. చామనఛాయ, పొట్టి, నడకలో వేగం. భోజనాలయ్యాక మేమంతా స్టెరిలైజర్ గదిలో కూర్చుని గాజుగుడ్డ కత్తిరించి మడతలు పెట్టేవాళ్ళం. ఆ సమయంలో ఆమె పాఠం చెప్పేది. చేతులు ఆగకూడదు, చెవులు ఆగకూడదు, అదే ఆమె నియమం.

అట్లా ఒక మధ్యాహ్నం ఈ వరస చెప్పే మాటల పాఠం వచ్చింది. కాన్పుల గదిలో అవి లేకుండా పూట గడవదు. నొప్పులు మొదలై దారి తెరుచుకునేదాకా ఫస్ట్ స్టేజ్, బిడ్డ బయటికి వచ్చేదాకా సెకండ్ స్టేజ్, మాయ పడేదాకా థర్డ్ స్టేజ్. పెద్ద సిస్టర్ మమ్మల్ని చూసి, మీ తెలుగువాళ్ళు అదృష్టవంతులు అంది. అంకె చివర ఒక ‘ఓ’ పెడితే చాలు, రెండో, మూడో, నాలుగో, నూరో, వెయ్యో, ఎంతదాకా అయినా పోవచ్చు. మా మలయాళంలోనూ ఇంతే సులువు. ఇంగ్లీషువాళ్ళకు మాత్రం మొదటి మూడూ మొండి మాటలు. వన్‌కూ ఫస్ట్‌కూ పోలిక లేదు, టూకూ సెకండ్‌కూ చుట్టరికం లేదు, త్రీ కాస్త తలకిందులై థర్డ్ అయింది. నాలుగు నుంచి దారిన పడతాయి, చివర ‘త్’ చేరుతుంది. అక్కడ కూడా ఫైవ్ గొంతు మార్చుకుని ఫిఫ్త్ అవుతుంది, ట్వెల్వ్ ట్వెల్ఫ్త్ అవుతుంది. ఇరవై దాటాక మళ్ళీ ఆ మొండి మూడూ వచ్చి కూర్చుంటాయి, ట్వెంటీ ఫస్ట్, ట్వెంటీ సెకండ్, ట్వెంటీ థర్డ్ అని.

మాలో అందరికంటే చిన్నది గాండ్లపెంట నుంచి వచ్చిన పిల్ల. వాళ్ళ నాయనకు అక్కడ సైకిలు షాపు. ఇంట్లో మొదట ఉద్యోగం చేసింది ఆ పిల్లే. బురఖా తీసి మడిచి సంచిలో పెట్టి, తెల్ల యూనిఫారం వేసుకుని, తల వంచుకుని పని చేసుకుపోయేది. పెద్ద సిస్టర్ ఆ పిల్లను చెప్పమంటే లేచి నిలబడి, తెలుగు పద్ధతిలోనే తోక తగిలించి, “వన్త్, టూత్, త్రీత్” అంది. టూత్ అంటే పన్ను కదా, పన్ను పీకే ఆసుపత్రి కాదు ఇది అని పెద్ద సిస్టర్ అనేసరికి గాజుగుడ్డలన్నీ వదిలేసి నవ్వాం. ఆ పిల్ల కూడా నవ్వింది. నవ్వుతూనే ఇంకో ప్రశ్న వేసింది.

“సిస్టర్, ఎన్నో కాన్పు అని ఇంగ్లీషులో ఎట్ల అడిగేది?”

పెద్ద సిస్టర్ సాయంత్రం దాకా ఆలోచించింది. మర్నాడు డాక్టరమ్మను అడిగింది. ఆమె కూడా అట్లాంటి మాట ఇంగ్లీషులో లేదన్నారు. జవాబు ఉంది, ఫస్ట్, ఫోర్త్, సెవెంత్ అని. ఆ జవాబు వచ్చేలా అడిగే ఒక్క మాట లేదు. ఇది మీకు మొదటిదా అని అడిగి, కాదంటే ఒక్కో మెట్టూ ఎక్కుతూ పోవాలి. మన “ఎన్నో” వాళ్ళకు లేదని తెలిసి మేము ఆ రోజు కొంచెం గర్వపడ్డామని చెప్పాలి.

ఆ పాఠంలోనే పెద్ద సిస్టర్ ఇంకో సంగతి పట్టిపట్టి చెప్పింది. ఈ వరస మాటల ముందు ‘ద’ అనే చిన్న మాట రావాలి. ద ఫస్ట్, ద సెకండ్, ద థర్డ్. ఎందుకంటే ఒక వరసలో మొదటిది ఒక్కటే ఉంటుంది, రెండోది ఒక్కటే ఉంటుంది, ఏదో ఒకటి కాదు, ఫలానాది. గడియారంలో తిరిగే సెకండ్ వేరు. అవి బోలెడు, ఏ సెకండైనా ఒకటే, అందుకని అది ‘ఎ సెకండ్’. నర్సులకు సెకండ్ అనగానే గడియారమే గుర్తొస్తుంది, నాడి చూసేది సెకన్ల ముల్లును బట్టే కదా, అందుకే చెబుతున్నాను అంది. ఎ సెకండ్ అంటే ఒక్క క్షణం, ద సెకండ్ అంటే రెండోది. మా అందరితో పదిసార్లు అనిపించింది.

గాండ్లపెంట పిల్లకు ఒక విచిత్రమైన శక్తి ఉండేది. ఏ మాట విన్నా అచ్చం విన్నట్టే తిరిగి చెప్పగలదు. అర్థం తెలియనక్కర్లేదు. డాక్టరమ్మ గొంతు, ఆమె ఆగే చోట, ఆమె చివర సాగదీసే తీరు, అన్నీ వచ్చేసేవి. మేము సరదాకు చెప్పించుకుని నవ్వేవాళ్ళం. పెద్ద సిస్టర్‌కు మాత్రం అది నచ్చేది కాదు. చిలక కూడా మాట్లాడుతుంది, చిలకను ఎవరూ నర్సుగా పెట్టుకోరు అనేది. నీ మాటగా ఒక్క వాక్యం చెప్పు చాలు అని ప్రతి పాఠంలోనూ అడిగేది. ఆ పిల్ల కళ్ళు దించుకుని నిలబడేది. ఎవరి వాక్యమైనా చెప్పేది, తన వాక్యం మాత్రం వచ్చేది కాదు. తర్వాత బావి దగ్గర నాతో, “అక్కా, తప్పు పోతాదేమో అని బయం. వాళ్ళు చెప్పింది చెప్తే తప్పు పోదు గదా” అనేది. నాకూ అదే భయం ఉండేది, కాకపోతే వయసు పెద్దది కాబట్టి ఎవరూ నన్ను నిలబెట్టి అడగలేదు.

ఇక ఆ రోజు సంగతి. వేరుశనగ పీకే కాలం. పొలాల్లో పనులు జోరుగా ఉండి ఓపీలో జనం పలచగా ఉన్నారు. డాక్టరమ్మ హిందూపురంలో ఉన్నారు. పెద్ద సిస్టర్, చుట్టాలెవరో రైల్లో వెళ్తున్నారని, వాళ్ళను కలవడానికి పొద్దున్నే ధర్మవరం బస్సెక్కింది. రాత్రి డ్యూటీవాళ్ళు వెళ్ళిపోయాక ఆసుపత్రిలో నేనూ, గాండ్లపెంట పిల్లా, ఒక ఆయమ్మా మిగిలాం. పదకొండు దాటాక కొత్తచెరువు వైపు ఒక పల్లె నుంచి జీపు వచ్చింది. అందులోంచి ఒక అవ్వ ముందు దిగి, తర్వాత కోడల్ని దింపింది. కోడలు ఇరవై దాటని పిల్ల. పెదవులు కొరుక్కుంటూ, జీపు డ్రైవరు ముందు అరవకూడదని పట్టుదలగా ఉంది.

బల్ల మీద పడుకోబెట్టి అడిగాను, ఎన్నో కాన్పని. మొదటిదంది. చూస్తే దారి పూర్తిగా తెరుచుకుని ఉంది. కడుపు చాలా పెద్దది. బిడ్డ బాగా బరువుంటుందేమో, ఇబ్బంది అవుతుందేమో అని నాకు అనుమానం వచ్చింది. ఇంతకు ముందు యాడ చూపించుకున్నావమ్మా అంటే, హిందూపురంలో మన డాక్టరమ్మ దగ్గరే అంది. సరే, డాక్టరమ్మకు గుర్తుంటుంది, ఈ పిల్ల పేరూ ఊరూ చెప్పి ఏం చేయమంటారో కనుక్కో అని గాండ్లపెంట పిల్లను ఆఫీసుకు పంపాను. ఫోనులో చెప్పవలసిన ఇంగ్లీషు వాక్యం నేనే ఆ పిల్ల నోటికి అందించాను.

ఆ కాలంలో మా ఆసుపత్రి పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. బిడ్డ బయటికి రాగానే తల్లికి తొడలో ఒక ఇంజక్షన్ వేసేవాళ్ళం. దానితో గర్భసంచి గట్టిగా ముడుచుకుంటుంది, రక్తం ఎక్కువ పోదు. ఎంతోమంది తల్లుల్ని కాపాడిన మందు అది. బిడ్డను పట్టుకునేది నేను, ఇంజక్షన్ వేసేది పక్కనున్న మనిషి. ఎవరూ చెప్పనక్కర్లేకుండా చేతులు వాటంతట అవే చేసుకుపోయే పని.

గాండ్లపెంట పిల్ల ఫోను నుంచి పరుగున వచ్చేసరికి బిడ్డ తల కనబడుతోంది. లైను గరగరలాడిందంట. ముందు చెప్పిందేదీ వినపడలేదంట. చివరి మాటలు రెండుసార్లు వినబడి, అంతలో లైను తెగిపోయిందంట. మళ్ళీ తిప్పితే పలకలేదంట. ఇదంతా ఆయాసపడుతూ చెప్పి, చేతులు కడుక్కుని, సిరంజిలో మందెక్కించుకుంది.

“ఏం చెప్పినారు?” అన్నాను బిడ్డ తల మీంచి చూపు తిప్పకుండా.

“బిడ్డ పుట్టినాంక ఒక సెకండ్ ఆగి ఇంజక్షన్ ఇయ్యమన్న్యారక్కా.”

అప్పటికి తల వచ్చింది, భుజాలు వచ్చాయి, బిడ్డ నా చేతుల్లోకి జారాడు. మొగపిల్లవాడు. రాగానే ఏడ్చాడు. నేను అనుకున్నంత బరువు లేడు. నిజానికి చిన్నవాడు. ఆయమ్మ గుడ్డ పట్టుకుని ముందుకు వచ్చింది. బొడ్డుకు క్లిప్పు పెడుతున్నాను. గాండ్లపెంట పిల్ల స్పిరిటు దూదితో తల్లి తొడ తుడిచి, ఒక సెకండ్ ఆగుతోంది. నిజంగానే ఆగుతోంది, పెదవులు కదుపుతూ.

నాకు ఆ మాట ఎక్కడో పొడుచుకుంది. ఒక్క సెకండ్ ఆగమని ఎవరైనా పనిగట్టుకుని చెబుతారా? తెగిపోయే లైనులో, రెండుసార్లు చెబుతారా?

“ఆగు,” అన్నాను. “డాక్టరమ్మ ఏమన్న్యారో ఆ ఇంగ్లీషు మాటే చెప్పు.”

ఆ పిల్ల సూది గాల్లో పట్టుకునే కళ్ళు మూసుకుంది. మూసుకుని, హిందూపురంలో ఉన్న డాక్టరమ్మ గొంతును ఆ గదిలోకి తెచ్చి పెట్టింది.

“గివ్ ది ఇంజక్షన్ ఓన్లీ ఆఫ్టర్ ద సెకండ్. ఓన్లీ ఆఫ్టర్ ద సెకండ్.”

“ఎ సెకండా, ద సెకండా?”

“ద అన్న్యారక్కా. రెండుసార్లూ ద అనే అన్న్యారు.”

నా చెయ్యి బొడ్డు వదిలి తల్లి కడుపు మీదికి పోయింది. బిడ్డ బయటికి వచ్చాక కడుపు మెత్తబడి దిగిపోవాలి. అది దిగలేదు. పైన, కుడివైపు, నా అరచేతి కింద గుండ్రంగా, గట్టిగా ఒక తల తగిలింది. చెవి గొట్టం ఆనించి విన్నాను. చిన్న గుండె ఒకటి గబగబా కొట్టుకుంటోంది.

“సూది ట్రేలో పెట్టేయ్,” అన్నాను. “లోపల ఇంకొక బిడ్డ ఉండాది.”

గాండ్లపెంట పిల్ల సూదిని ట్రేలో పెట్టింది. దాన్ని తన నుంచి దూరంగా నెట్టింది. అప్పుడు ఆమె ముఖం చూశాను. ఆ మందు పడి ఉంటే గర్భసంచి బిడ్డ మీదే బిగుసుకుపోయేది. లోపలున్న బిడ్డకు ఊపిరి అందేది కాదు, మా చేతుల్లో ఏమీ ఉండేది కాదు. అది ఆ పిల్లకూ తెలుసు. ఇంగ్లీషు రాదు గానీ, పని తెలియని మనిషి కాదు.

బల్ల మీదున్న తల్లి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆమెకు మా కంగారు అర్థం కాలేదు.

“ఇద్దరని హిందూపురంలో టీవీలో చూసి చెప్పినారు గదా సిస్టరమ్మా,” అంది నీరసంగా.

“మాకు చెప్పలేదేమమ్మా?”

“మీకు తెలిసే ఉంటాదనుకొంటి.”

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. నేను అడిగింది ఎన్నో కాన్పని. ఆ తల్లి మొదటిదంది. అడిగినదానికి జవాబు సరైనదే. ఎంతమంది అని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ రోజు నుంచి ఉద్యోగం వదిలేదాకా “ఎన్నో” తర్వాత “ఎంతమంది” కూడా అడిగాను. ఒక్కరే అయినా అడిగేదాన్ని. కొందరు నన్ను విచిత్రంగా చూసేవాళ్ళు.

రెండో బిడ్డ కాళ్ళ వైపు నుంచి వస్తోంది. అట్లాంటి కాన్పు పెద్ద సిస్టర్ చేస్తుంటే పక్కన ఉండి చూశాను గానీ నా చేతులతో ఎప్పుడూ చేయలేదు. ఆమె చెప్పిన మాటలే గుర్తు చేసుకున్నాను. లాగకూడదు. తొందరపడకూడదు. దాని దారిన దాన్ని రానివ్వాలి, చివర తల దగ్గర మాత్రమే చెయ్యి సాయం. లాగకుండా ఉండడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది. చిన్న పాదాలు కనబడి, ఆగిపోయి, మళ్ళీ ఇంకాస్త వస్తుంటే, చేతులు కట్టేసుకుని కూర్చున్నట్టు ఉండాలి. గాండ్లపెంట పిల్ల తల్లి తల దగ్గర నిలబడి, ఆమె చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుని, అచ్చం డాక్టరమ్మ యాసలో, “ముక్కమ్మా, ముక్కు” అంటోంది. తాను ఆ యాసలో అంటున్నానని ఆ పిల్లకు తెలియదు. భయంలో దొరికిన గొంతు అదే అయి ఉంటుంది.

ఆడపిల్ల. వచ్చింది, కానీ ఏడవలేదు. నీలంగా, మెత్తగా, గుడ్డముక్కలా నా చేతుల్లో వాలిపోయింది. నోట్లో నీరు లాగాను, వీపు రుద్దాను, అరికాళ్ళు తట్టాను. ఆయమ్మ మొదటి బిడ్డను ఎత్తుకుని గోడకు ఆనుకుని దేవుళ్ళందరినీ పిలుస్తోంది. బయట వరండాలోంచి అవ్వ, “ఏమాయె, ఏమాయె” అని అడుగుతోంది, ఎవరమూ పలకడం లేదు. ఊపిరి పంపు పెట్టి మెల్లగా ఊదాను. ఆ ఛాతీ లేచింది, పడింది. మళ్ళీ లేచింది. తర్వాత అది దానంతట అదే ముఖం చిట్లించి, పిల్లి కూన అరిచినట్టు చిన్నగా ఒక అరుపు అరిచింది.

“ఇప్పుడు వెయ్యి,” అన్నాను గాండ్లపెంట పిల్లతో. ఆమె ఇంజక్షన్ వేసింది. మాయ సరిగ్గా పడింది, రక్తం ఆగింది. కడుపు నా చేతి కింద రాయిలా గట్టిపడేదాకా పట్టుకునే కూర్చున్నాను.

డాక్టరమ్మ ఎవరిదో కారు అడుక్కుని హిందూపురం నుంచి వచ్చారు. లైను తెగిపోయాక మేము విన్నామో లేదో తెలియక దారంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చారని తర్వాత చెప్పారు. గదిలోకి వచ్చి ముందు ట్రే వైపు చూశారు, తర్వాత పిల్లల వైపు చూశారు, తర్వాత అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయారు. కవలలని ఫోనులో మొదటే చెప్పారంట. ఆ మాట గరగరలో పోయింది. మా దాకా వచ్చింది చివరి ముక్క ఒక్కటే.

సాయంత్రం చేతులు కడుక్కుంటూ గాండ్లపెంట పిల్ల ఏడ్చింది. ఇంకొక్క సెకండ్ అయ్యుంటే వేసేసి ఉంటిని గదక్కా అంది. వేయలేదు కదా అన్నాను. నువ్వు అర్థం చేసుకుని నీ మాటల్లో మార్చి చెప్పి ఊరుకుని ఉంటే ఏమయ్యేదో, అడిగితే ఆ మాటను ‘ద’తో సహా తెచ్చి ఇచ్చావు, అది చాలు అన్నాను. చేతికిచ్చినది పగలకుండా తీసుకురావడం కూడా ఒక పనే అన్నాను. ఆ పిల్ల ముఖం కడుక్కుంది.

ధర్మవరం బస్సు దిగి వచ్చిన పెద్ద సిస్టర్‌కు జరిగింది చెప్పాం. మర్నాటి పాఠంలో ఆమె చిలక మాట ఎత్తలేదు. ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు. ఫోనులో విన్న మాట ముందు విన్నట్టే తిరిగి చెప్పాలి, తర్వాతే దాన్ని తెలుగులో చెప్పాలి అని కొత్త నియమం పెట్టింది. ఎవరి వల్ల పెట్టిందో అందరికీ తెలుసు.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పకపోతే మోసం చేసినట్టవుతుంది. చాలా ఏళ్ళ తర్వాత, రెండు వేలు దాటాక, నేను హిందూపురంలో పనిచేస్తున్నప్పుడు ఇంగ్లీషు బాగా తెలిసిన ఒక లెక్చరరు గారు జబ్బు చేసి మా వార్డులో చేరారు. ఆయనతో ఈ కథ చెబితే మెచ్చుకుని, అయినా అమ్మా, ఆ నియమం అంత గట్టిదేమీ కాదు, ఎ సెకండ్ చాన్స్ అంటారు, ఎ సెకండ్ ఒపీనియన్ అంటారు, అవి గడియారం సెకండ్లు కావు కదా అన్నారు. నేను ఆ రాత్రంతా దాని గురించే ఆలోచించాను. కవలలు పుట్టిన రోజుకే నాకు అంత ఇంగ్లీషు తెలిసి ఉంటే, ‘ద’ మీద అంత నమ్మకం ఉండేది కాదేమో, చెయ్యి కడుపు మీదికి అంత త్వరగా పోయేది కాదేమో. కొన్నిసార్లు సగం చదువే సరిగ్గా సరిపోతుంది. ఇది నేను నర్సింగు పిల్లలకు చెప్పకూడని మాట. అందుకే మెల్లగా చెబుతాను.

పిల్లలిద్దరూ నిలబడ్డారు. ఆడపిల్ల బరువు తక్కువగా ఉండి కొన్నాళ్ళు మా దగ్గరే ఉంచుకున్నాం. తల్లి నిద్రపోయినప్పుడు గాండ్లపెంట పిల్ల ఆ కూనను గుండెకు ఆనించుకుని వరండాలో తిరిగేది. పాలు పట్టడం వచ్చింది, ఏడుపు గట్టిపడింది, బుగ్గలు వచ్చాయి. ఇంటికి పంపే రోజు డాక్టరమ్మ రౌండ్సుకు వచ్చారు. వెనక పెద్ద సిస్టరు, నేను, గాండ్లపెంట పిల్ల. అవ్వ అప్పటికే మూటలు కట్టి, జుట్టు దువ్వుకుని, కొత్త రవిక వేసుకుని కూర్చుంది.

డాక్టరమ్మ మొగపిల్లవాడి బుగ్గ నిమిరి, తనకు వచ్చిన తెలుగులో, “పెద్దవాడు,” అన్నారు.

అవ్వ ఒప్పుకోలేదు. మంచం మీదున్న ఆడపిల్లను ఎత్తి చూపించింది.

“కాదు డాక్టరమ్మా. ఈ పాపే పెద్దది. ముందు లోపలికి పోయింది ఈ పాప. బస్సులో ముందెక్కినోళ్ళు లోపలికంటా పోయి కూచుంటారు. దిగేటప్పుడు ఎనకాల దిగుతారు. ఎనకాల దిగితే చిన్నోళ్ళు అయితారా? ఈ పాపే అక్క.”

మాకు ఆ లెక్క కొత్త కాదు, మా వైపు చాలామంది అవ్వలు అట్లాగే అంటారు. డాక్టరమ్మకు మాత్రం ఒక్క ముక్క అర్థం కాలేదు. బస్సు ఎందుకు వచ్చిందో అసలే అర్థం కాలేదు. పెద్ద సిస్టర్ వైపు చూశారు. పెద్ద సిస్టర్ చెప్పబోయి ఆగింది. బస్సుతో మొదలుపెట్టాలా, కడుపుతో మొదలుపెట్టాలా అని తడబడుతోంది.

అప్పుడు నా వెనక నుంచి గాండ్లపెంట పిల్ల గొంతు వినిపించింది.

“మేడం, ఇన్ దిస్ హౌస్, ద సెకండ్ ఈజ్ ద ఫస్ట్.”

ఆ పిల్ల నోట వచ్చే ఇంగ్లీషు వాక్యాలన్నీ నాకు తెలుసు. ఏది ఎవరి గొంతులో వస్తుందో కూడా తెలుసు. ఈ గొంతు డాక్టరమ్మది కాదు, పెద్ద సిస్టర్‌ది కాదు. కాస్త వణుకుతూ, గాండ్లపెంట యాసతో, సైకిలు షాపు ఇంట్లో పెరిగిన పిల్ల గొంతే.

డాక్టరమ్మ ఒక్క క్షణం చూసి, అర్థమై, పకపకా నవ్వారు. ఆడపిల్లను అవ్వ చేతుల్లోంచి తీసుకుని, “అక్క,” అన్నారు తెలుగులో. పెద్ద సిస్టర్ నవ్వలేదు. ఆ పిల్ల వైపు తిరిగి, ఈ వాక్యం నీకు ఎవరు చెప్పారని అడిగింది.

“ఎవరూ చెప్పలేదు సిస్టర్. నేనే అనుకొంటి.”

పెద్ద సిస్టర్ కిటికీ వైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టింది. అవి తుడవనక్కర్లేకుండా శుభ్రంగానే ఉన్నాయి.

అవ్వకు అనుమానం వచ్చింది. నా కొంగు పట్టుకుని లాగింది.

“ఆ పాప ఏమంటాండాది?”

“నువ్వు చెప్పిందే ఇంగ్లీషులో చెప్పింది అవ్వా.”

“సరిగ్గా చెప్పిందా?”

“చెప్పింది,” అన్నాను. “ఒక్క మాట కూడా తప్పు పోలేదు.”